గీత ఆగిన కడవ

ఆ పొత్రం అలా పక్కన పెట్టి ఇలా రా, ఎల్విరా. చేతులు కడుక్కోనక్కర్లేదు, మట్టి చేతులతోనే వచ్చి నా పక్కన కూర్చో. నీ గుప్పిట్లో ఉన్న ఆ పెంకు ముక్క ఇలా ఇవ్వు. కోపం లేదే, నీకేం తెలుసని. పాత పెంకులన్నీ మెత్తగా నూరి కొత్త మట్టిలో కలపమన్నది నేనే కదా. ఇది మాత్రం గూట్లో గుడ్డలో చుట్టి దాచుకున్నది. బుట్టలోకి ఎలా వచ్చి పడిందో మరి. చూపు ఆనక నేనే పడేసి ఉంటాను.

దీని మీద ఒక నల్లగీత ఉంది, వేలు పెట్టి చూడు. సన్నగా, తిన్నగా వచ్చి ఇక్కడ ఆగిపోయింది. మనవాళ్ల గీత చివరికి వచ్చేసరికి వెంట్రుకలా సన్నబడి పోవాలి కదా. ఇది సన్నబడలేదు. నడుస్తున్న మనిషిని ఎవరో పిలిస్తే నిలబడిపోయినట్టు నిలబడిపోయింది. ఎవరు పిలిచారో, ఎందుకు నిలబడిందో చెబుతాను. ఒక్క ఎండాకాలం ముచ్చటే. పొద్దు వాలేలోగా అయిపోతుంది.

ఆ ఏడు నాకు ముందు పళ్లు ఊడి, కొత్తవి ఇంకా రాలేదు. ఊళ్లో వానా లేదు. మొక్కజొన్న మోకాలెత్తు కూడా లేవకుండానే ఆకులు చుట్టుకుపోయాయి. కొండమీది రాతి గుంటల్లో నీళ్లు అడుగంటి, ఆడవాళ్లు చిప్పతో గీకి కడవల్లో పోసుకునేవాళ్లు. ఇంట్లో మేం నలుగురం: అమ్మమ్మ, మా అమ్మ లుసీటా, పిన్ని దొలోరీటా, నేను. నాన్న నేను ఊయల్లో ఉండగానే పోయాడు. సిప్రియానో మామ పెళ్లయ్యి అత్తగారింటికి కాపరానికి వెళ్లిపోయినా, పొద్దుపొడిస్తే మా గుమ్మంలోనే తేలేవాడు. వాళ్లావిడ కూరలో మిరపకాయలు వెయ్యడంలో పిసినారితనం చేస్తుందని ఆయన ఫిర్యాదు.

అమ్మ అప్పుడొక పెద్ద నీళ్లకడవ చేస్తోంది. మట్టితాళ్లు పేర్చి, చుట్టూ తిరుగుతూ ఎత్తు లేపి, సొరచిప్పతో గీకి గీకి గోడ పలచన చేసింది. తెల్లమట్టి పూత పూసి, తన అమ్మమ్మ వాడిన నునుపురాయితో రుద్దింది. రుద్దేటప్పుడే దగ్గు మొదలయ్యేది. దగ్గు వస్తే కడవను ఒళ్లోంచి దించి, మొహం పక్కకు తిప్పుకుని, దగ్గడం అయ్యాక మళ్లీ ఎత్తుకునేది. నా కంటికి ఆ కడవ నా చెల్లెలిలా ఉండేది. నన్ను కూడా ఆమె అంతసేపు ఒళ్లో పెట్టుకోలేదని ఒకసారి మూతి ముడిచాను.

ఇక రంగు వెయ్యడం మొదలెట్టింది. అడవి వామింట ఆకు నల్లగా చిక్కబడేదాకా కాచిన రసం, అందులో నల్లరాతి పొడి. కుంచె, కత్తుల్లాంటి ఆకులుండే మన కొండ యుక్కా ఈనెది. నీకు తెలిసిందేగా, ఎవరి కుంచె వాళ్ల పళ్లతోనే నమిలి పీచు తీసుకోవాలి. అమ్మకు పక్కపన్ను ఒకటి వంకర. ఆ వంకర పన్ను పీచును ఎలా చీల్చేదో ఏమో, ఆమె కుంచెకు వచ్చే గీత ఊళ్లో ఇంకెవరికీ వచ్చేది కాదు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని పక్కన ఒకటి, తలవెంట్రుక దూరంలో, ఒకటి ఇంకొకదానికి తగలకుండా. వానగీతలు. ముందు కొలత వేసుకోదు, గుర్తు పెట్టుకోదు. అంచు దగ్గర మెట్లమెట్లుగా మబ్బులు వేసింది, వాటి కిందనుంచి వాన దించుకుంటూ వచ్చింది.

నేనూ నములుతానని యుక్కా ఈనె ఒకటి నోట్లో పెట్టుకుంటే జారిపోయింది. అమ్మ నవ్వింది.

"చిగుళ్లతో కుంచె అవుతుందటే? పళ్లు రానీ. అప్పుడు నీ కుంచె నువ్వే నములుదువు, నా పక్కన కూర్చుని."

ఆ మాట అన్న రోజో మర్నాడో, కడవ చుట్టూ సగం దాకా వాన వచ్చింది. మిగతా సగం ఇంకా తెల్లగా ఉంది. అప్పుడు కింద రోడ్డు మీద ఆసుపత్రి కారు హారన్ కొట్టింది. వస్తారని తెలుసు. మామ వెళ్లి మాట్లాడి వచ్చాడు, అమ్మ మూట కూడా గుమ్మం దగ్గరే ఉంది. అయినా హారన్ వినపడేసరికి అమ్మ చెయ్యి ఉన్నచోటే ఆగింది. కాసేపు అలాగే ఉండి కుంచె పైకెత్తింది. ఇదిగో, ఈ ముక్క మీద నీ వేలున్న చోటు అదే.

కుంచెను కడవలో పడేసి, కడవను గోడ గూట్లో తనే పెట్టింది. నా గడ్డం పట్టుకుని చెప్పింది.

"దీనికి తడి తగలనీకు బెనీ. పచ్చికుండ, నీటిచుక్క పడితే కరిగిపోతుంది. నేనొచ్చి మిగతాది గీస్తాను. ఈలోగా మీ అమ్మమ్మను దీని జోలికి రానీకు. ఆవిడ గీతలు గొర్రెపేగుల్లా ఉంటాయి."

అమ్మమ్మ మూట అందిస్తూ, "ఆ గొర్రెపేగుల కుండల్లోనే వండిపెడితే తిని ఇంతయ్యావు" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వితే అమ్మకు మళ్లీ దగ్గొచ్చింది. దగ్గుతూనే మెట్లు దిగింది.

కారు దుమ్ము సద్దుమణిగాక అమ్మమ్మ లోపలికొచ్చి కడవను కొంచెం తిప్పింది, గీతలున్న వైపు మాకు కనపడేటట్టు. తెల్లవైపు కనిపిస్తుంటే తనకు కాలూ చెయ్యీ ఆడదంది. ఆ రోజునుంచి అది అలాగే ఉండాలని ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే ఇంట్లో నియమమైపోయింది. ఎవరు దుమ్ము దులిపినా మళ్లీ వాన ఇటువైపే.

ఆల్బుకర్కీ పట్నంలో క్షయ ఆసుపత్రి ఉండేది. పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. అమ్మమ్మ పెరటి పొయ్యిలో రొట్టెలు కాల్చి గుడ్డలో కడితే, మామ పట్టుకుని రైలెక్కేవాడు. పెద్దవాళ్లనైనా కిటికీ అద్దం ఇవతలే నిలబెట్టేవాళ్లట. ఒకసారి వెళ్లొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా బల్ల ముందు కూర్చున్నాడు. అమ్మ చిక్కిందా, లావైందా, తింటోందా, అమ్మమ్మ అన్నీ అడుగుతోంది. ఆయన సగంసగం జవాబులు చెబుతూ, కూరగిన్నెలో వేలు ముంచి బల్లమీద గీయడం మొదలెట్టాడు.

పిన్ని కేకలేసింది, అదేం పని అన్నయ్యా అని.

"అక్క చూపించింది. అద్దం మీద వేలితో గీసి చూపించింది. వాన ఇలా దిగి, ఇక్కడ ఇలా విరిగి, మళ్లీ ఇలా మబ్బు కిందికి పోవాలంట. తెల్లసగం మీద. ఇలాగో, ఇలాగో." ఎర్రటి మిరపకాయ రసంతో బల్లంతా పూశాడు. "మర్చిపోతానేమోనని దారి పొడుగునా తొడమీద గీసుకుంటూనే వచ్చాను. రైల్లో పక్కాయన దురదా అని అడిగాడు."

మేం ముగ్గురం వంగి చూశాం. కోడి కెలికినట్టుంది. గొర్రెలు కాసుకునే మగాడికి వానగీత ఎలా వస్తుంది? అమ్మమ్మ మాత్రం చాలాసేపు తుడవనివ్వలేదు. రసం ఎండిపోయాక తనే తడిగుడ్డ తెచ్చి తుడిచింది. ఆ బల్లమీద ఎర్రమరక చాన్నాళ్లు ఉండిపోయింది.

ఎండలు ముదిరాక ఒక నర్సమ్మ వచ్చింది. మంచి మనిషే. నా వీపు మీద గొట్టం పెట్టి విని, గుండ్రంగా ఉన్న మిఠాయి ఇచ్చింది. లుసీటా పడుకున్న దుప్పటి, తలగడ కాల్చెయ్యమంది. నోరు పెట్టిన కప్పులు, గరిటెలు మరగబెట్టమంది. జబ్బు నోటినుంచే వస్తుంది, పిల్ల జాగ్రత్త అని పదేపదే చెప్పింది. అమ్మమ్మ దుప్పటీ తలగడా పెరట్లోకి మోసుకెళ్లింది. దుప్పటి కాలుతున్నప్పుడు పిన్ని ఏడ్చింది, అమ్మమ్మ పొగకు ఎదురుగా నిలబడింది. నర్సమ్మ గూట్లోకి కూడా చూసింది. ఎంత బాగుందో అని కడవను మెచ్చుకుంది. లోపలున్నది ఆమెకు ఎండుపుల్ల.

నాకది ఎండుపుల్ల కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పీట వేసుకుని, కడవలో చెయ్యి పెట్టి, ఆ కుంచె తీసి నోట్లో పెట్టుకునేదాన్ని. వామింట రసం చేదుగా, చేదు అడుగున కొంచెం తియ్యగా ఉండేది. నాలుకతో తడిమితే అమ్మ పళ్లగుర్తులు తగిలేవి. వంకరపన్ను కొరికిన చోటు నాకు చీకట్లో కూడా తెలిసేది. అమ్మ మొహం ఒక్కోరోజు సరిగ్గా గుర్తొచ్చేది కాదు, గొంతు గుర్తొచ్చేది కాదు. ఆ పన్ను మాత్రం ఎప్పుడూ అక్కడే ఉండేది.

ఒక మధ్యాహ్నం కళ్లు మూసుకుని పీటమీద నిలబడి ఉన్నాను. కళ్లు తెరిస్తే అమ్మమ్మ గుమ్మంలో ఉంది, చంకలో కట్టెలతో.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కట్టెలు మెల్లిగా దించి, చెయ్యి చాపింది. కుంచె ఇచ్చాను.

"ఎన్నాళ్లనుంచే?"

నేను పీట దిగాను. ఆమె నీళ్లకు అంత కరువున్న రోజుల్లో చెంబుడు నీళ్లు కాచి, నా చేత పుక్కిలింపించింది, ఒకసారి కాదు, చెంబు ఖాళీ అయ్యేదాకా. ఆ తర్వాత నన్ను ఒళ్లోకి లాక్కుని, నా వీపు మీద చెవి ఆనించి వింది. నర్సమ్మ గొట్టంతో విన్నట్టు. ఎంతసేపు విందో. నేను నిద్రపోయాను.

సాయంత్రం పిన్ని సంగతి విని, ఆ కుంచె పొయ్యిలో పడేసెయ్యి, ఇంకో ఈనె నమిలి మనమే మిగతా సగం గీసేద్దాం, కడవ అలా మొండిగా ఉంటే ఇల్లు ఇల్లులా లేదంది. అమ్మమ్మ ఒప్పుకోలేదు. వేరే పళ్లు నమిలిన కుంచెకు వేరే గీత వస్తుంది, లుసీటా వచ్చి చూస్తే ఇదెవరి వాన అని అడగదా అంది. కుంచెను కడవలో వెయ్యలేదు, పొయ్యిలోనూ వెయ్యలేదు. కొంగున కట్టుకుంది.

ఆ వారంలోనే వాన పడింది. ఊరు ఊరంతా మిద్దెలెక్కింది. మామ టోపీ తీసి మొహం పైకెత్తి నోరు తెరిచి నిలబడ్డాడు. నేను అమ్మ సగం గీసిన వాన వచ్చేసిందని గంతులేస్తూ లోపలికి పరిగెత్తాను. లోపల అమ్మమ్మ గూటి ముందు నిలబడి ఉంది. ఎండలకు బీటలిచ్చిన మట్టి మిద్దె, గూటిపైన ఒక చోట కారుతోంది. ఒక చుక్క కడవ భుజం మీద పడింది, తెల్లవైపు. పడిన చోట పూత కరిగి వేలిముద్రంత గుంట పడింది. అమ్మమ్మ కొంగు కప్పి కడవను పసిబిడ్డలా ఎత్తుకుంది. ఆ వాన సాగినంతసేపు కారని మూలకు, అది కారితే ఇంకో మూలకు, దాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది.

వెలిశాక, రేపు పొద్దున్నే కడవ కాల్చేస్తానంది.

పిన్ని చేతిలో రొట్టెపిండి అలాగే ఉండిపోయింది. "కాలిస్తే ఇక దానిమీద గీత పట్టదమ్మా. అక్క వస్తే ఏం గీస్తుంది?"

అమ్మమ్మ కడవను మెల్లిగా కింద దించింది.

"కాల్చకపోతే నీళ్లు పట్టదు" అంది. "వస్తే నీళ్లు తాగుతుంది."

కాల్చేది గాలి లేవకముందే కదా. తెల్లవారుతుండగా పెరట్లో రాళ్లు పేర్చి, కడవకు మంట నేరుగా తగలకుండా చుట్టూ పాత పెంకులు ఆనించి, గొర్రెలదొడ్లో పలకలుగా తవ్వి ఎండబెట్టిన పిడకలు ఇల్లు కట్టినట్టు కట్టారు. కాలే కుండ దగ్గర గట్టిగా మాట్లాడకూడదు, మనసులో కూడా కసురుకోకూడదు. నాకు అమ్మమ్మ మీద కోపంగా ఉంది, అందుకని దూరంగా కోళ్లగూడు దగ్గర కూర్చోమన్నారు. అక్కణ్ణుంచే చూశాను. చివరి పిడక పెట్టేముందు అమ్మమ్మ కొంగుముడి విప్పి, కుంచె తీసి, కడవ పొట్టకింద పెట్టింది. పెట్టి, ఒక్క నిమిషం చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మంట చల్లారాక బూడిద తోసి బయటికి తీస్తే కడవ ఎక్కడా చిట్లలేదు. వేలితో కొడితే గంటలా పలికింది. గీతలు కాకిరెక్కలా నల్లగా తేలాయి. చుక్కపడ్డ గుంట గట్టిపడి ఉండిపోయింది. తెల్లవైపు, కింద, కుంచె కాలిన చోట బూడిదరంగు పొగమచ్చ ఒకటి పాకింది. పిన్ని చూసి అయ్యో అంది. మామ మాత్రం వంగి చూసి, "అక్క అద్దం మీద చూపించినప్పుడు అక్కడ మబ్బు ఉందే. నేనే గియ్యడం మర్చిపోయాను" అన్నాడు. నిజంగా ఉందో, మమ్మల్ని ఓదార్చడానికన్నాడో ఆయన చచ్చేదాకా చెప్పలేదు.

ఆ కడవలో నీళ్లు పోశాం. పొయ్యిపక్క గోడకు ఆనించి పెట్టాం, గీతలవైపు ఇటు. కొత్త కడవ నీళ్లకు మట్టివాసన ఉంటుంది చూశావా, తాగినప్పుడల్లా అమ్మ వచ్చాక ఈ వాసన ఉండదే, ఇప్పుడే రావాలే అని అనుకునేదాన్ని. వాసన పోయింది. వానలు వెనకబడ్డాయి. ఆలస్యంగా లేచినా మొక్కజొన్న చేతికొచ్చింది, నీలికండెలు, ఎర్రకండెలు. మిద్దెలమీద పీచ్ పండ్ల బద్దలు ఎండాయి. నా చిగుళ్లలోంచి పళ్లు తొంగిచూశాయి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే అందులో ఒకటి కొంచెం వంకరగా వస్తోంది. అమ్మకు చూపించాలని ఎంత తొందరగా ఉండేదో నాకు. మామ రైలెక్కిన ప్రతిసారీ పెదవి పైకెత్తి చూపించి, చెప్పు చెప్పు అని పంపేదాన్ని. చెప్పాను, నవ్వింది అనేవాడు.

ఒక రోజు పిన్నీ నేనూ కింద చేనునుంచి కండెల బుట్టలతో పైకొచ్చాం. మామ గుమ్మం బయట కూర్చుని ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. పట్టుకెళ్లిన రొట్టెలమూట పక్కనే ఉంది, ముడి విప్పలేదు. పిన్ని బుట్ట దించి ఆయన దగ్గరే ఆగిపోయింది. నేను దాహమేసి లోపలికి పరిగెత్తాను.

కడవ తెల్లవైపు ఇటు తిప్పి ఉంది.

ఎవరో దుమ్ము దులిపి మర్చిపోయారనుకుని తిప్పబోయాను. నిండుకడవ, నా చేతులకు కదల్లేదు. అమ్మమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది. నన్ను చూస్తోంది, కదల్లేదు. అప్పుడు నేనూ చేతులు తీసేశాను.

ఆమె సొరచిప్పతో నీళ్లు ముంచి ఇచ్చింది. తాగేదాకా చూసింది. పక్కనున్న యుక్కా ఆకు చీల్చి, ఈనె తీసి, నా చేతిలో పెట్టింది.

"నములు" అంది.

నమిలాను. ఉప్పగా ఉంది, నా కన్నీళ్లకే ఉప్పగా ఉంది. అమ్మమ్మ మోకాలికి ఆనుకుని, వెలుతురు గుమ్మంలోంచి వెనక్కి జరిగి పోయేదాకా నమిలాను. అదే నా మొదటి కుంచె.

అంతేనే. ఆ తర్వాత నేను పెద్దదాన్నయ్యాను, మీ అమ్మ పుట్టింది, ఆ కడవ నీళ్లు మీ అమ్మ కూడా తాగింది. ఒక చలికాలం రాత్రికి రాత్రి నీళ్లు గడ్డకట్టి అదే రెండుగా విచ్చుకుంది. మన ఇంటి పద్ధతే కదా, పగిలింది పారెయ్యం. ఏ ఏటి మట్టికి ఆ ఏడు గుప్పెడు పెంకులు నూరి కలుపుతూ వచ్చాను. పాతది లోపల ఉంటేనే కొత్తకుండ మంటకు తట్టుకుంటుంది. అలా మా అమ్మ వాన ఎన్ని కుండల్లోకి పోయిందో. రోడ్డుపక్క పరిచి అమ్ముకున్నవాటిలో, ఎక్కడెక్కడి మనుషులో కారుల్లో పెట్టుకుపోయినవాటిలో, నువ్వు పాలు తాగిన గిన్నెలో. నా చేతికి మాత్రం ఆ గీత రాలేదు. వంకరపన్ను వచ్చింది కానీ గీత రాలేదు. నావి అమ్మమ్మవే, గొర్రెపేగులు. నువ్వు నవ్వుతావుగా, నవ్వు.

ఈ ఒక్క ముక్క మిగిలింది. ప్రతి ఏడూ పొత్రం దగ్గరికి తెచ్చుకుంటాను. వేలు పెట్టి ఈ ఆగిన చోటు తడుముతాను. హారన్ వినపడుతుంది నాకు. మళ్లీ గుడ్డలో చుట్టేస్తాను. ఇది నూరేస్తే చెయ్యి ఎత్తిన మనిషి ఇక మళ్లీ గీయడానికి కుంచె దించదని నాకు భయమేమో.

నువ్వు నాలా దాచుకుంటూ కూర్చోకు. నేను పోయాక, నీ చేత్తో నువ్వు చేసే మొదటి పెద్ద నీళ్లకడవకు దీన్ని నూరు. ఎల్విరా, ఇందాకట్లా ఊరికే నూరెయ్యకు. ఇది లుసీటా గీత అని పైకి అని, అప్పుడు పొత్రం ఆడించు. నీ పక్కన పళ్లూడిన పిల్ల ఏదైనా ఉంటే దాని వేలు పట్టి ముందు ఈ చోటు తడిమించు. ఎవరు పిలిస్తే ఆగిందని అది అడుగుతుంది. ఇప్పుడు నేను చెప్పినట్టే చెప్పు, మామ బల్లమీద మిరపకాయ రసం పూసింది కూడా వదిలిపెట్టకుండా చెప్పు.

ఏదీ, ఆ గుడ్డ ఇలా ఇవ్వు. చుట్టి గూట్లో నువ్వే పెట్టు, ఎక్కడుందో నీకూ తెలియాలి.